డాక్టర్ గారి మీద నమ్మకం పోయింది, ఇప్పుడేం చేయాలి?

మా అమ్మ పన్నెండేళ్లు ఒకే డాక్టర్ దగ్గరికి వెళ్లింది. గుంటూరు దగ్గర మా ఊళ్లో ఆయనది రెండు గదుల క్లినిక్, కింద మందుల షాపు, పక్కనే ల్యాబు. "ఆయన హస్తవాసి మంచిదిరా" అనేది అమ్మ. నిజమే, నాన్నకి డెంగీ వచ్చినప్పుడు రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చి చూసి, తెల్లారేదాకా ఆగొద్దు, ఇప్పుడే గుంటూరు తీసుకెళ్లండి అని చెప్పింది ఆయనే. అలాంటి మనిషి తర్వాత్తర్వాత అమ్మ పాత చీటీలు కూడా తిరగేయకుండా మందులు రాస్తున్నారని కళ్లారా చూసినా, ఇంట్లో ఎవరం నోరెత్తలేదు.

జరిగిందేమిటంటే, బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్ మోతాదు పెంచాక అమ్మ పాదాలు వాచాయి. వాపు తగ్గడానికి ఒంట్లో నీరు తీసే టాబ్లెట్ రాశారు. అది వాడాక రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం, పగలంతా నీరసం. నీరసానికి ఇంకో రెండు, వీటన్నిటికీ గ్యాస్ వస్తుందని మరొకటి. ఆరు నెలల్లో మూడు టాబ్లెట్లు ఏడయ్యాయి. కొత్తవి వచ్చి చేరడమే తప్ప పాతది ఒక్కటీ తీసేయలేదు. "సార్, ఈ వాపు బీపీ మందు వల్ల వచ్చిందేమో?" అని నేనడిగితే, చీటీ మీంచి తల ఎత్తకుండా "డాక్టర్ నువ్వా, నేనా?" అన్నారు.

బయటికొచ్చాక అమ్మ నన్నే తిట్టింది. "పెద్దాయన్ని అట్లా అడుగుతావేంట్రా, రేపు అర్ధరాత్రి ఏదన్నా అయితే మళ్లీ ఆయన గుమ్మమే తొక్కాలి కదా" అని.

మన దగ్గర డాక్టర్‌ని మార్చడానికి డబ్బు, దూరం కంటే ముందు అడ్డొచ్చేది ఈ మొహమాటమే. అందులోనే ఏడాదో రెండేళ్లో గడిపేస్తాం, ఆ తర్వాత ఓ రోజు ఒళ్లు మండి, మందులు మానేసి, పాత కాయితాలు అక్కడే వదిలేసి, ఎవరో చెప్పిన ఇంకో చోటికి ఖాళీ చేతుల్తో పరిగెడతాం. అక్కడ కొత్త డాక్టరు మొదట్నుంచీ మొదలుపెడతారు, మళ్లీ అవే టెస్టులు, మళ్లీ అవే ఖర్చులు. మేము కాస్త ఆలస్యంగా నేర్చుకున్న పద్ధతి కింద రాస్తున్నాను. గొడవ పడకుండా, మందు ఆగకుండా, ఫైలు చేతపట్టుకుని ఎలా మారాలో ఇందులో ఉంటుంది.

పోయింది నమ్మకమేనా, ఇంకేదైనానా

ముందు ఇది తేల్చుకోవాలి, ఎందుకంటే మనం చాలాసార్లు తప్పు కారణాలకి మంచి డాక్టర్లని వదిలేస్తాం. "జ్వరమని వెళ్తే సూది కూడా వేయలేదు", "ఇంత నీరసంగా ఉంటే ఒక సెలైన్ కూడా ఎక్కించలేదు" అని మానేసిన వాళ్లు మా వీధిలోనే పదిమంది ఉంటారు. మామూలు వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ రాయని డాక్టరు మీకు మేలు చేస్తున్నట్టే లెక్క. రెండు గంటలు కూర్చోబెట్టారనో, కాంపౌండర్ కసురుకున్నాడనో కోపం రావడం సహజమే కానీ, దాన్నీ డాక్టర్ మీద అపనమ్మకాన్నీ కలిపేయకూడదు. చెడ్డ వార్త చెప్పినందుకు కూడా కోపం వస్తుంది. షుగర్ వచ్చిందనో, గడ్డకి బయాప్సీ చేయాలనో చెప్పిన మనిషి మీద ఆ రోజు మనకి ఇష్టం ఉండదు. ఆ సాయంత్రమే నిర్ణయం తీసుకోకండి, ఓ వారం ఆగండి.

మందు పనిచేయడానికి పట్టే టైము కూడా చూడండి. థైరాయిడ్ మందు మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి గానీ టీఎస్‌హెచ్ పరీక్షలో సరైన తేడా తెలియదు. షుగర్‌కి హెచ్‌బీఏ1సీ చూపించేది దాదాపు మూడు నెలల సగటు. డిప్రెషన్ మందులు పట్టు దొరకబుచ్చుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు కావాలి, కొందరికి ఇంకా ఎక్కువ. పది రోజులు వాడి, తగ్గలేదని డాక్టర్‌ని మార్చేస్తే ఆ కొత్త డాక్టర్‌తోనూ ఇదే కథ.

మరి దేన్ని లెక్కలోకి తీసుకోవాలి? నా వరకు నేను చూసేవి ఇవి. ప్రతిసారీ మందు చేరుతుంది గానీ ఏదీ తగ్గదు, ఎందుకో చెప్పరు. మీరు చెప్పేది పూర్తవకముందే చీటీ రాయడం అయిపోతుంది. పోయినసారి ఏం రాశారో ఆయనకే గుర్తుండదు, కాయితం చూపించినా చూడరు. వేరే చోట చేయించిన టెస్టుని పక్కన పడేసి, మా ల్యాబులోనే మళ్లీ చేయించండి అంటారు. రాసిన మందు కింది షాపులో తప్ప ఊళ్లో ఎక్కడా దొరకదు. అర్జెంటు కాని ఆపరేషన్‌కి "రేపే చేరిపోండి, లేటైతే నా బాధ్యత కాదు" అని భయపెడతారు. వీటన్నిటికంటే పెద్దది ఒకటుంది. ఇంకొకరికి చూపిస్తాం సార్ అంటే మొహం మాడ్చుకుంటారు. చేసే పని మీద నమ్మకమున్న డాక్టరు దానికి కంగారు పడరు. నాకు తెలిసిన ఒక ఎముకల డాక్టరు తనే అడుగుతారు, "మోకాలు మార్పించుకోవడమంటే చిన్న విషయం కాదు, ఇంకోచోట కూడా చూపించుకుని రండమ్మా" అని.

పై వాటిలో ఏదో ఒకటి ఒక్కసారి జరిగితే సర్దుకుపోవచ్చు, ఎవరికైనా చిరాగ్గా ఉండే రోజులుంటాయి. మూడు విజిట్లలో మూడుసార్లూ జరిగితే అది అలవాటు. ఇంకో గుర్తు కూడా ఉంది, ఇది మీ గురించి: ఆయన రాసిన మందు వేసుకోకుండా మీరు దాచేస్తున్నా, వేసుకున్నానని అబద్ధం చెబుతున్నా, నమ్మకం ఎప్పుడో పోయిందన్నమాటే.

ఒక్కసారి అడిగి చూడండి

వదిలేసే ముందు ఒక్క అవకాశం ఇవ్వడం న్యాయం, మీకూ ఏ మూలా సందేహం మిగలదు. కాకపోతే అడిగే తీరు ముఖ్యం. గూగుల్‌లో చదివాను అని మొదలుపెడితే అక్కడితో మాట ఆగిపోతుంది. మూడే ప్రశ్నలు చిన్న కాయితం మీద రాసుకుని వెళ్లండి, కూర్చోగానే "సార్, మూడు డౌట్లున్నాయి, రెండు నిమిషాలు పడుతుంది" అని చెప్పేయండి. అడగాల్సినవి కూడా సూటిగా ఉండాలి. ఈ టాబ్లెట్ దేనికి? ఇందులో ఇప్పుడు ఆపేయగలిగింది ఏదైనా ఉందా? ఈ ఆపరేషన్ మూడు నెలలు ఆగితే ఏమవుతుంది? ఆ మూడోది చాలా పనికొస్తుంది, నిజంగా అర్జెంటయితే ఎందుకు అర్జెంటో వెంటనే చెప్పగలుగుతారు.

పెద్దవాళ్లని తీసుకెళ్తే మాట్లాడేది మీరే అయినా, ముందు వాళ్లని చెప్పనివ్వండి. మా అమ్మ డాక్టర్ ముందు కూర్చోగానే "బానే ఉందండీ" అనేస్తుంది, ఇంటికొచ్చాక నొప్పుల చిట్టా విప్పుతుంది. ముందురోజు రాత్రే ఆమె చెప్పినవన్నీ కాయితం మీద పెట్టడం మొదలుపెట్టాకే పని జరిగింది.

జవాబు తృప్తిగా ఉంటే, సంతోషం, మారాల్సిన పనే లేదు. "డాక్టర్ నువ్వా నేనా" అనే జవాబొస్తే వాదించకండి. సరేనండి అని లేచి వచ్చేసి, ఫైలు పని మొదలుపెట్టండి.

ఫైలు

మిగతాదంతా అటూఇటూ అయినా ఫర్వాలేదు, ఇది మాత్రం గట్టిగా చేయండి. నమ్మకం పోయిందని బయటపడకముందే, మాటామాటా పెరగకముందే, కాయితాలన్నీ మీ చేతిలో ఉండాలి.

డాక్టర్లు పాటించాల్సిన ప్రవర్తనా నియమావళి 2002లో వచ్చింది, ఇప్పటికీ నడుస్తున్నది అదే. దాని ప్రకారం హాస్పిటల్లో చేరిన పేషెంట్ల రికార్డులు వైద్యం మొదలుపెట్టిన రోజు నుంచి మూడేళ్లు భద్రపరచాలి. పేషెంటు గానీ పేషెంటు తరఫు మనిషి గానీ అడిగితే 72 గంటల్లోపు ఇవ్వాలి. జిరాక్సు ఖర్చు అడిగితే ఇచ్చేయండి, దాని గురించి పంచాయితీ అనవసరం. నోటితో అడిగితే "రేపు రండి" అంటూ తిప్పుతారు కాబట్టి ఒక తెల్లకాయితం మీద పేషెంటు పేరు, ఐపీ నంబరు (హాస్పిటల్లో చేరినప్పుడు ఇచ్చేది), చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ, కావాల్సిన కాయితాల జాబితా రాసి మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో ఇచ్చి, మీ దగ్గరున్న కాపీ మీద స్టాంపో సంతకమో వేయించుకోండి. ఎందుకు అని అడిగితే "ఇన్సూరెన్స్‌కి కావాలండి" అంటే చాలామంది ఇంకేమీ అడగరు, అయితే అవసరం లేకుండా అబద్ధమెందుకు, "మా ఫైల్లో పెట్టుకోవడానికి" అన్నా సరిపోతుంది. హక్కు మీదే.

చిన్న క్లినిక్కుల్లో అసలు రికార్డే ఉండదు, ఉన్నదల్లా మీ దగ్గరున్న చీటీలే. వాటిని పారేయకండి. మా ఇంట్లో అమ్మ చీటీలు బియ్యం డబ్బా పక్కన ఒక క్యారీబ్యాగులో ఉండేవి, సగం మడతల దగ్గర చిరిగిపోయి. ఒక ఆదివారం కింద చాప పరిచి, తేదీల వారీగా పేర్చి, ఒక్కోటి ఫోన్లో ఫొటో తీశాను. అప్పుడు కనిపించింది ఒక విచిత్రం: రెండేళ్ల కిందటి ఈసీజీ కాయితం దాదాపు తెల్లగా అయిపోయింది. ఈసీజీ వేడికి నల్లబడే థర్మల్ కాయితం మీద వస్తుంది, షాపు బిల్లుల్లాగే కొన్నాళ్లకి వెలిసిపోతుంది. తీసిన రోజే ఫొటో తీసి, జిరాక్సు చేయించుకోండి. కొత్త ఈసీజీలో తేడా వచ్చిందా లేదా చెప్పాలంటే కార్డియాలజిస్టుకి ఆ పాతదే కావాలి.

స్కానింగులకి రిపోర్టు కాయితం ఒక్కటీ చాలదు. ఎమ్మారై, సీటీ అయితే సీడీ గానీ లింకు గానీ అడిగి తీసుకోండి, కొత్త డాక్టరు బొమ్మలు తన కళ్లతో చూడాలనుకుంటారు. బయాప్సీ చేసి ఉంటే రిపోర్టుతో పాటు స్లైడులు, బ్లాకులనే మైనపు దిమ్మెలు కూడా ల్యాబులో ఉంటాయి, సంతకం పెట్టి తీసుకెళ్లొచ్చు. క్యాన్సర్ విషయంలో రెండో అభిప్రాయానికి వెళ్తే పెద్ద హాస్పిటల్ వాళ్లు మొదట అడిగేది అవే. అవి లేకపోతే మళ్లీ ముక్క తీయాల్సి రావచ్చు.

ఆపరేషనయితే డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే కాక ఆపరేషన్ నోట్స్ కూడా అడగండి. స్టెంటో, మోకాలి ఇంప్లాంటో వేసి ఉంటే దాని స్టిక్కర్ ఉంటుంది, కంపెనీ, సైజు, బ్యాచ్ నంబరు అన్నీ దాని మీదే ఉంటాయి.

ఇదంతా పెట్టుకుని చివర్లో ఒకే ఒక్క పేజీ రాయండి. ఏ ఏడాది ఏ జబ్బు మొదలైంది, ఏ మందు ఎప్పుడు మొదలుపెట్టారు, ఏది పడలేదు, ఏ మందుకి ఎలర్జీ వచ్చింది, ఇప్పుడు రోజూ వేసుకుంటున్నవి ఏంటి, ఎంత మోతాదు. మందుల పేర్లు చీటీలో చదవలేకపోతే టాబ్లెట్ షీట్ వెనక చూసి అసలు మందు పేరు రాయండి, బ్రాండ్ పేరు ఒక్కటే రాస్తే ఇంకో ఊళ్లో ఎవరికీ అర్థం కాదు. ఆయుర్వేదం, హోమియో, నాటు మందు, పక్కింటావిడ ఇచ్చిన మోకాళ్ల నొప్పి గోళీలు కూడా రాయాల్సిందే. ఆ గోళీల్లో స్టెరాయిడ్ ఉండొచ్చు.

ఆ ఒక్క పేజీ రాస్తున్నప్పుడే అమ్మ కథ నాకు అర్థమైంది. ఆమ్లోడిపిన్ పెంచింది మార్చిలో, వాపు మొదటిసారి రాసింది ఏప్రిల్లో. పక్కపక్కన రాస్తే ఎవరికైనా కనబడుతుంది.

తర్వాతి డాక్టర్‌ని చూసుకున్నాకే ఈయన్ని వదలండి

బీపీ, షుగర్, ఫిట్స్ లాంటి వాటికి రోజూ మందు వాడేవాళ్లు నడిమధ్యలో గాల్లో ఉండకూడదు. ముందు అవతల అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ఎవర్ని అడగాలి? ఊళ్లో ఆర్‌ఎంపీని అడక్కండి. మన జిల్లాల్లో పేషెంటుని పంపినందుకు హాస్పిటళ్ల నుంచి కమిషన్ ముట్టడం అందరికీ తెలిసిన రహస్యమే, నిజానికి 2002 నియమాల్లో డాక్టర్లు అలా కమిషన్ ఇవ్వడం, తీసుకోవడం రెండూ నిషేధం. అదే జబ్బుతో అయిదారేళ్లుగా ఒకే చోట చూపించుకుంటున్న మనిషిని అడగండి, లేదా హాస్పిటల్లో పనిచేసే నర్సు ఎవరైనా తెలిసుంటే "మీ ఇంట్లోవాళ్లకైతే ఎవరికి చూపిస్తారు" అని అడగండి. అంతకంటే మంచి సమాచారం ఏ స్టార్ రేటింగులోనూ దొరకదు.

బోర్డు మీద డిగ్రీలు చదవడం నేర్చుకోండి. ఎంబీబీఎస్ తర్వాత ఎండీ, ఎంఎస్, డీఎన్‌బీ, డీఎం, ఎంసీహెచ్ అనేవి పెద్ద చదువులు, వారాంతపు సర్టిఫికెట్లు, విదేశీ ఫెలోషిప్పులు ఎంత పొడుగ్గా రాసున్నా వాటితో సమానం కావు. రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్కులోనూ, చీటీ మీదా కనబడాలని నియమం. ఆ నంబరుతో జాతీయ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్లో గానీ, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ వెబ్‌సైట్లో గానీ వెతికి చూసుకోవచ్చు. నంబరే కనబడని చోట నేనైతే కూర్చోను.

పూర్తిగా మారిపోవాలో వద్దో తేల్చుకోలేకపోతే, ముందు ఒక్క రెండో అభిప్రాయం తీసుకోండి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన పేషెంట్ల హక్కుల పత్రంలో ఇది కూడా ఉంది, మందులు, టెస్టులు ఎక్కడ కావాలంటే అక్కడ తీసుకునే హక్కు కూడా ఉంది. అది చట్టం కాదు గానీ, కేంద్ర ఆరోగ్యశాఖ అమలు చేయమని రాష్ట్రాలకి పంపింది, కాబట్టి మాట్లాడటానికి ఆధారంగా పనికొస్తుంది. డబ్బు ఖర్చు భయమైతే హైదరాబాద్‌లో నిమ్స్, గాంధీ, ఉస్మానియా, ఆ దగ్గర్లో బీబీనగర్ ఎయిమ్స్, ఇటు మంగళగిరి ఎయిమ్స్, గుంటూరు జీజీహెచ్, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్ ఉన్నాయి. క్యూ ఉంటుంది, ఓ రోజు పోతుంది. కానీ అక్కడ మీకు ఆపరేషన్ చేస్తే ఎవరికీ టార్గెట్ నిండదు. రాయలసీమ, నెల్లూరు వైపు వాళ్లు వేలూరు సీఎంసీకి ఎందుకు రైలెక్కుతారో అందరికీ తెలుసు. ఇల్లు కదల్లేని వాళ్లకి కేంద్ర ప్రభుత్వపు ఈ-సంజీవని ఉంది, ఫోన్లోనే డాక్టరుతో ఉచితంగా మాట్లాడొచ్చు.

రెండో డాక్టరుకి మొదటి డాక్టరు ఏం చెప్పారో ముందే చెప్పాలా? కాయితాలు చూపించండి, కానీ "ఆయన ఆపరేషన్ అన్నారు, మీరేమంటారు" అని మొదలుపెట్టకండి. మా సమస్య ఇది, ఏం చేయాలి అని అడిగి, ఆయన సొంత మాట విన్నాకే పాతది బయటపెట్టండి.

మందులు ఆపకండి

కోపం మీద చేసే పెద్ద తప్పు ఇదే. కొన్ని వారాలుగా వాడుతున్న ప్రెడ్నిసలోన్ లాంటి స్టెరాయిడ్, ఫిట్స్ టాబ్లెట్లు, ఇన్సులిన్, అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటి గుండె మందులు, స్టెంట్ వేశాక ఇచ్చే క్లోపిడోగ్రెల్, రక్తం పల్చబడే మందులు, మానసిక సమస్యలకి వాడేవి, వీటిలో ఏదీ ఉన్నట్టుండి మానకూడదు. ప్రాణం మీదికి రావచ్చు. టీబీ మందులు మధ్యలో ఆపితే జబ్బు మొండికేస్తుంది. రాసిన డాక్టరు మీద నమ్మకం పోయినా, కొత్త డాక్టరు చూసేదాకా ఆ మందు నడవాల్సిందే. కనీసం పదిహేను, ఇరవై రోజులకి సరిపడా కొనిపెట్టుకోండి.

మందు వల్లే ప్రమాదం జరుగుతోందని గట్టిగా అనిపిస్తే, దద్దుర్లు, ఊపిరాడకపోవడం, మొహం వాయడం లాంటివుంటే, అపాయింట్‌మెంట్ కోసం ఎదురు చూడకుండా అదే రోజు క్యాజువాల్టీకి వెళ్లండి.

చెప్పాలా వద్దా

చెప్పాల్సిన అవసరం లేదు. పెళ్లి సంబంధం వదులుకుంటున్నామా ఏంటి, కబురు పెట్టడానికి. తర్వాతి డేట్‌కి వెళ్లకపోతే సరిపోతుంది. కానీ ఊళ్లో రోజూ ఎదురుపడే మనిషి అయితే, లేదా ఏళ్ల తరబడి చూసిన మనిషి అయితే, ఒక మాట చెప్పడం మనకే తేలిక. "సార్, అబ్బాయి సిటీకి తీసుకెళ్లి చూపిస్తానంటున్నాడు, ఇన్నాళ్లూ చాలా బాగా చూశారు" అని చెప్పండి. పిల్లల మీదకి తోసేయడం మన పెద్దవాళ్లకి బాగా వచ్చు, ఈ ఒక్క విషయంలో దాన్ని వాడుకోవచ్చు. బయట వెయిటింగ్ హాల్లో నలుగురి ముందు మాత్రం ఏమీ అనకండి, ఫలానా ఆయన నా ప్రాణం తీశాడని వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

ఇంట్లోవాళ్లని ఒప్పించడం దీనికంటే కష్టం. "మీ నాన్నని బతికించింది ఆయనే" అని అమ్మ అన్నప్పుడు కాదనలేదు. అవునమ్మా, ఆ రోజు బతికించారు, జ్వరమొస్తే మళ్లీ ఆయన దగ్గరికే వెళ్దాం, బీపీకి మాత్రం గుంటూరులో చూపిద్దాం అన్నాను. అలా విడదీసి చెప్పాకే మెత్తబడింది.

మధ్యలో ఉన్నప్పుడు

కడుపుతో ఉన్నప్పుడు మారాలనుకుంటే ఎంత త్వరగా అయితే అంత మంచిది. నెలలు నిండాక కొత్త కేసు తీసుకోవడానికి చాలా ప్రైవేటు హాస్పిటళ్లు వెనకాడతాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల్లో తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశం మొత్తం మీద 21.5 శాతం. అందుకని "మామూలు కాన్పుకి ప్రయత్నిస్తారా, ఏ పరిస్థితిలో ఆపరేషన్ అంటారు" అని అయిదో నెలలోనే అడగండి. జవాబు నచ్చకపోతే ఇంకా టైముంటుంది. స్కానింగులన్నీ, బ్లడ్ గ్రూపు రిపోర్టు, ఏఎన్ఎం ఇచ్చిన కార్డు వెంట తీసుకెళ్లండి.

హాస్పిటల్లో చేరి ఉన్నప్పుడైతే తొందర పనికిరాదు. ముందు తీసుకెళ్లబోయే చోట బెడ్ ఉందో లేదో, ఆ డాక్టరు చేర్చుకుంటారో లేదో ఫోన్లో ఖాయం చేసుకోండి. ఇప్పుడు చూస్తున్న డాక్టర్‌ని "దారిలో తట్టుకోగలడా, అంబులెన్సులో ఆక్సిజన్ చాలా, వెంటిలేటర్ కావాలా" అని సూటిగా అడగండి, ఆ జవాబు నచ్చకపోయినా వినండి. వాళ్లు వద్దన్నా తీసుకెళ్తే డాక్టర్ సలహాకి విరుద్ధంగా వెళ్తున్నట్టు మీతో సంతకం పెట్టిస్తారు, వాడుకలో లామా అంటారు. సంతకం పెట్టేముందు అందులో ఏం రాశారో చదవండి. ఇన్సూరెన్స్ ఉంటే క్లెయిమ్ సంగతేంటో కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోండి, క్యాష్‌లెస్ అనుమతి కొత్త హాస్పిటల్ పేరు మీద మళ్లీ తెచ్చుకోవాలి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేరితే, హాస్పిటల్లో ఆ పథకం కౌంటర్‌కి వెళ్లి మారే విషయం చెప్పి, పాత అనుమతి సంగతి తేల్చుకున్నాకే కదలండి. లామా మీద వెళ్లినా అప్పటిదాకా చేసిన వైద్యం సమ్మరీ అడగండి, అది లేకుండా బయటికి రావద్దు.

నమ్మకం పోవడం వేరు, అన్యాయం జరగడం వేరు

చెప్పకుండా ఆపరేషన్ చేశారు, సంతకం లేకుండా ఏదో తీసేశారు, డిగ్రీ లేకుండా వైద్యం చేస్తున్నారు, ఇలాంటివి మారిపోయి ఊరుకునే విషయాలు కావు. డాక్టరు ప్రవర్తన మీదయితే రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. హాస్పిటల్ మీదయితే డీఎంహెచ్‌ఓ, అంటే జిల్లా వైద్య ఆరోగ్యాధికారి ఆఫీసు. నష్టపరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. రెండేళ్లలోపు కేసు వేయాలి. అన్నిటికీ మూలం ఆ ఫైలే, అందుకే పైన అంత చెప్పాను. చేయి చేసుకోవడం, అద్దాలు పగలగొట్టడం మాత్రం చేయకండి, మన రాష్ట్రాల్లో 2008 నుంచీ దానికి విడిగా చట్టముంది, మీ వైపు ఎంత న్యాయమున్నా నిందితులు మీరే అవుతారు.

మారాక కొత్త డాక్టరు దగ్గర పాతాయన్ని తిట్టడంతో మొదలుపెట్టకండి. ఆ పది నిమిషాలు మీ జబ్బువి. మీరు రాసిన ఆ ఒక్క పేజీ ముందు పెట్టండి. గుంటూరు డాక్టరమ్మ అమ్మ పేజీని పైనుంచి కిందికి ఒకసారి చదివి, మార్చి దగ్గర పెన్ను ఆపి, "వాపు దీని తర్వాతే కదా?" అన్నారు. ఆమ్లోడిపిన్ మార్చారు, నీరు తీసే టాబ్లెట్‌ని రక్తపరీక్ష చూసి నెమ్మదిగా ఆపారు. మూడు వారాలకి అమ్మ పాత చెప్పులు పట్టాయి. ఇప్పుడు నాలుగు టాబ్లెట్లు.

మారాక ఆ కొత్త డాక్టరు దగ్గర కనీసం ఆరు నెలలుండండి. పాతాయన, కొత్తావిడ, మధ్యలో బావమరిది చెప్పిన ఇంకొకాయన, ముగ్గురి చీటీల్లోంచి నచ్చిన మందులు ఏరుకుని వాడితే ఎవరికీ బాధ్యత ఉండదు.

పోయిన నెల అమ్మకి జ్వరమొస్తే మా ఊరి డాక్టర్ గారి దగ్గరికే వెళ్లింది, నడిచి వెళ్లేంత దూరం కదా. గుంటూరు మందుల జాబితా జిరాక్సు ఒకటి పర్సులో పెట్టి పంపాను. ఆయన దాన్ని తీసుకుని కళ్లజోడు పెట్టుకుని చదివి, "వాపు తగ్గిందా అమ్మా?" అని అడిగారట. "తగ్గిందండి" అందట. పారాసెటమాల్ రాసి, ఫీజు మామూలుగానే తీసుకున్నారు.